కనుబొమ్మ టీచర్

జూలై 2

ఈ రోజు నాది. పైకి అనడానికి లేదు, ఇక్కడైనా రాసుకోకపోతే కడుపు ఉబ్బిపోయేలా ఉంది.

పెద్ద బడి నుంచి ఆవిడ వచ్చింది. చెవిటి పిల్లలకు అంతకు మించిన బడి లేదంటారు, అందులో సీట్లు ఇచ్చేది ఆవిడే. ఏడాదికి మా దగ్గర నుంచి ఒక్కరినే తీసుకుంటారు. అదీ మాటలు చదవడం వచ్చినవాళ్ళనే. నేను బల్ల మీద బంతి, తాళం, గిన్నె, చెప్పు, రబ్బరు చేప, రెండు గొడుగులు వరసగా పెట్టి, ఒక్కొక్క కార్డే ఎత్తి చూపించాను. నా ఏడుగురూ ఒకరి తర్వాత ఒకరు వచ్చి, కార్డు మీద మాట చదివి, ఆ వస్తువు తీసి నా చేతిలో పెట్టారు. ఒక్క తప్పు లేదు. సొట్టబుగ్గ అయితే రెండు మాటల కార్డు చదివి ఎర్ర గొడుగే తీసింది, నల్లది ముట్టుకోలేదు.

ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "ఈ వయసు చెవిటి పిల్లలు ఇలా చదవడం నేనెక్కడా చూడలేదండీ. ఏం మంత్రం వేశారు?"

"మంత్రం ఏముందండీ, ఓపిక" అన్నాను. ఆ మాట అంటుంటే ఎంత బాగుందో.

సీటు సొట్టబుగ్గకే. నెలాఖరున వెళ్ళి చేరాలి. వాళ్ళమ్మ కుట్టుమిషన్ల షెడ్డులో పని వదిలి పరుగెత్తుకొచ్చింది, చీర కొంగుకి ఇంకా దారప్పోగులు అంటుకునే ఉన్నాయి. "మీ కాళ్ళు కడిగి ఆ నీళ్ళు నెత్తిన చల్లుకున్నా నా రుణం తీరదు మేడం" అంది. అలాంటి మాటలొద్దమ్మా అన్నాను గానీ, మనసులో ఇంకోసారి అంటే బాగుండుననిపించింది.

వెళ్ళేటప్పుడు సొట్టబుగ్గ నా పేరు పిలిచింది. ఈ పిల్లలకి మన పేర్లతో పనిలేదు, చేత్తో చూపించడానికి తామే పేర్లు పెట్టుకుంటారు. దాని పేరు బుగ్గలో వేలు గుచ్చడం. మా బడి పెద్ద మేడం పేరు తాళాలగుత్తి ఆడించడం. నా పేరు, ఎడమ కనుబొమ్మని వేలితో పైకి తోయడం. నా కనుబొమ్మలు దట్టంగా ఉంటాయిలే. మా అత్త వాటిని గొంగళిపురుగులంటుంది. ఆవిడ అంటే కోపం, పిల్లలు అంటే ముద్దు.

జూలై 7

ఆదివారం. అత్తతో పేకాట. వరసగా ఓడాను. "మీరు కలపడంలోనే ఏదో ఉంది" అంటే, "ఆడలేనమ్మ మద్దెల ఓడు అందట" అని మళ్ళీ పంచింది. మా ఆయన పేపరు అడ్డం పెట్టుకుని నవ్వాడు. ఈ ఇంట్లో నా తరఫున మాట్లాడేవాడే లేడు.

జూలై 10

కళ్ళకలక. రెండు రోజులు ఇంట్లోనే ఉన్నాను. అంటుకునే దశ దాటింది గానీ వెలుతురు పడదన్నాడు డాక్టరు. పెద్ద మేడం ఫోన్ చేసి, క్లాసుకి ఇంకెవరూ లేరు, ఎలాగో రండి అంది. మా ఆయన వెల్డరు. షాపులో దుమ్ముకి పెట్టుకునే పెద్ద నల్లద్దాలు తెచ్చి ఇచ్చాడు. నుదురు సగానికి కప్పేస్తాయి. "ఎవరింటికే కన్నం?" అంది అత్త.

పిల్లలు నన్ను చూసి ముందు నవ్వారు. తర్వాత మొదలైంది. బంతి కార్డు చూపిస్తే గిన్నె తెస్తారు. తాళం అంటే చేప. ఏడుగురికీ ఒక్కసారే ఏం పుట్టిందో. సొట్టబుగ్గ చెయ్యి బంతి మీదికి వెళ్ళింది, ఆగింది, నా వైపు చూసింది. గొడుగు మీదికి వెళ్ళింది, ఆగింది, నా వైపు చూసింది. బల్ల పొడవునా ఇదే వరస. సీటొచ్చేసరికి కొమ్ములొచ్చాయి, నాతోనే వేళాకోళమా అని ఒళ్ళు మండింది. చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి, గోడవైపు తిప్పి మూల నిలబెట్టాను. కొంచెంసేపే.

జూలై 11

మళ్ళీ అదే. రెండు రోజులు నేను లేకపోతే అంతా కారిపోయింది. చిల్లికుండలు.

జూలై 13

అద్దాలు తీసేశాను. అందరూ చక్కగా చదివారు, ఒక్క తప్పు లేదు. చెప్పానా, ఆ అద్దాలు చూసి భయపడ్డారు పాపం. అంతే. ఇంకేం లేదు.

జూలై 14

మధ్యాహ్నం మళ్ళీ పేకాట. మూడో ఆటకి నాకు ఓపిక పోయింది.

"ఏం చేస్తున్నారో చెప్పండి అత్తయ్యా. నిజంగా."

"నేనేం చెయ్యట్లేదే పిచ్చిదానా. అంతా నీ మొహమే చేస్తోంది. నీక్కావలసిన ముక్క రాగానే ఆ ఎడం గొంగళిపురుగు పైకి పాకుతుంది. ఇంక నీ ముక్కలు నాకు చూపించి ఆడినట్టే కదా."

"ఎప్పుడూనా?"

"ఈ ఇంటికొచ్చిన రోజు నుంచీ. నీకు తెలీదా? నేనింకా ముసలిదాన్ని గెలిపించడానికి కావాలనే చేస్తున్నావేమో అనుకున్నా."

ముక్కలు కింద పెట్టేసి లేచాను. ఓడిపోతే ఆట వదిలి లేచిపోవడమేనా అని ఆవిడ అరుస్తూనే ఉంది. వంటింట్లో చేతిలో ఖాళీ గిన్నె పట్టుకుని నిలబడ్డాను. ఏం తేవడానికి వచ్చానో గుర్తులేదు.

కాదు. ఆరేడేళ్ళ పిల్లలకి అంత కనిపెట్టడం చేతకాదు. కాదు.

జూలై 15

చూశాను.

చేప కార్డు ఎత్తాను. సొట్టబుగ్గ చెయ్యి చేప మీదికి వచ్చినప్పుడు మొహం బండరాయి చేసుకున్నాను. చెప్పు మీదికి వచ్చినప్పుడు కావాలని కనుబొమ్మ ఎత్తాను. అది చెప్పు తీసి నా చేతిలో పెట్టి, సొట్ట పడేలా నవ్వింది. మెచ్చుకుంటానని నిలబడింది.

మిగతా ఆరుగురినీ పిలిచాను. ఏడుగురూ చేప కార్డుకి అదే చెప్పు తెచ్చి ఇచ్చారు. దాంతో కొట్టినా బాగుండేది.

భోజనాల గంటలో సొట్టబుగ్గ పక్కన కూర్చుని సైగలతో అడిగాను, నాకీ పేరెందుకు పెట్టారని. అది ఎంత హుషారుగా చెప్పిందో. బెంచీ మీద రొట్టె ముక్క, నీళ్ళ సీసా, తన రిబ్బను వరసగా పెట్టింది. చెయ్యి వాటి మీదుగా నెమ్మదిగా జరిపింది. రిబ్బను దగ్గర ఆగి, తన కనుబొమ్మని వేలితో పైకి తోసి, టక్కున రిబ్బను తీసింది. తర్వాత నావైపు వేలు చూపించింది. ఈ ఆట నేర్పింది నువ్వే కదా అన్నట్టు.

పిల్లలు నన్ను మోసం చెయ్యలేదు. వాళ్ళ లెక్క ప్రకారం చదవడం అంటే ఇదే. వినబడని పిల్లలకి మొహాలే ప్రపంచం, అది తెలిసి కూడా కార్డు పట్టుకుని వాళ్ళ ఎదురుగా నా మొహం పెట్టాను. ఓపికట. మంత్రమట. సిగ్గులేకుండా అన్నాను ఆ మాట.

జూలై 16

10వ తేదీన కొంచెంసేపే అని రాశాను. కొంచెంసేపు కాదు. భోజనాల గంట దాకా. వినబడని పిల్లని గోడకేసి తిప్పితే దానికిక ఏమీ ఉండదు. వెనక ఎవరు వస్తున్నారో, ఎవరు నవ్వుతున్నారో, గంట అయిందో లేదో తెలియదు. ఏ తప్పుకి నిలబెట్టారో కూడా దానికి తెలియదు. నాకూ తెలియదు.

ఎవరు చదువుతారని అంత శుభ్రంగా రాశానో.

జూలై 18

ఎవరికీ చెప్పలేదు. నెలాఖరుకి ఇంకా టైముంది. ఈలోగా సొట్టబుగ్గ ఒక్కదానికైనా నేర్పేస్తే సరి. తెలివైన పిల్ల. నలభై మాటలు వస్తే చాలు, మిగతాది అక్కడ వాళ్ళే చూసుకుంటారు.

ఈ రోజు అట్టముక్క మొహానికి అడ్డం పెట్టుకుని కార్డు చూపించాను. అది కార్డు వైపు చూడనే లేదు. బల్ల చుట్టూ తిరిగి వచ్చి అట్ట పక్కకి తీసి నా మొహం చూసింది. కోపమా అని అడిగింది. కాదన్నాను. మళ్ళీ అట్ట పెట్టాను. మళ్ళీ వచ్చి తీసింది. మూడోసారికి ఏడ్చింది.

జూలై 19

వీపు తిప్పి నిలబడితే ముందుకొచ్చి నిలబడింది. చదవడం తప్ప అన్నీ వచ్చు దీనికి.

వాళ్ళమ్మ గేటు దగ్గర కనబడింది. ట్రంకుపెట్టె కొన్నదట. గౌన్లన్నిటికీ లోపలివైపు బుగ్గసొట్ట గుర్తు దారంతో కుట్టిందట, మిగతా పిల్లల బట్టల్లో కలిసిపోకుండా. "మీ అంత బాగా నేర్పేవాళ్ళు అక్కడ ఉంటారా మేడం?" అని అడిగింది. తేలు కుట్టిన దొంగలా నవ్వి వచ్చేశాను.

జూలై 21

పేకాట ఆడనన్నాను. "మొహం ఎందుకలా వేలాడేశావ్?" అంది అత్త. మొహం ఊసెత్తకండి అని అరిచాను. ఆవిడ నొచ్చుకుంది. దానికీ నేనే.

జూలై 22

ఉండబట్టలేక పెద్ద మేడంకి చెప్పాను. తలుపు వేసి వచ్చి కూర్చుంది.

"ఇప్పుడా చెప్పేది?"

"నాకు ఇప్పుడే తెలిసింది మేడం."

"సరే, తెలిసింది. దాచుకోండి. సీటు పోతే మళ్ళీ రాదు. అక్కడికెళ్తే వాళ్ళే నేర్చుకుంటారు, పిల్లలన్నాక. మీ క్లాసు చూడ్డానికి వేరే బళ్ళ నుంచి టీచర్లని పిలిచాను, వాళ్ళకేం చెప్పమంటారు?"

ఆవిడ మాట విని ఎంత తేలికపడ్డానో రాయడానికి చెయ్యి రావట్లేదు. బస్సులో ఇంటికొస్తుంటే పిలక గుర్తొచ్చింది.

పిలక పోయినేడు నా క్లాసు నుంచి పెద్ద బడికి వెళ్ళిన పిల్ల. నెత్తి మీద చిన్న పిలక, ఎప్పుడూ నిలబడే ఉండేది. అక్కడ బోర్డు మీద రాసింది చదవలేకపోతోందని మూడు నెలలకే వెనక్కి పంపారు. తెలివి చాలదని కాగితం మీద రాసి ఇచ్చారు. వాళ్ళ నాన్న ఆ కాగితం పట్టుకొచ్చి, "నిజమేనా మేడం?" అని నన్నే అడిగాడు. నేను తలూపాను. జాలిగా తలూపాను. బడి మానేసింది.

జూలై 23

రాయను.

జూలై 24

కుట్టుమిషన్ల షెడ్డు వదిలే వేళకి వెళ్ళి వాళ్ళమ్మతో పాటు ఇంటికి నడిచాను. ఒక్కటే గది. మూల ట్రంకుపెట్టె, మీద మడతపెట్టిన గౌన్లు. కూర్చోమని ఉన్న ఒక్క కుర్చీ దులిపి వేసింది. నిలబడే చెప్పాను. ఎలా చెప్పానో తెలియదు, రెండుసార్లు మొదటి నుంచి చెప్పాల్సి వచ్చింది.

"అంటే నా బిడ్డకి చదవడం రాదా?"

"రాదమ్మా."

"బంతీ గిన్నే కూడా?"

"రాదు."

నమ్మలేదు. బట్టల మీద గీతలు గీసే సుద్దముక్క తీసి, నేల మీద పెద్దగా 'అమ్మ' అని రాసింది. కూతురిని పిలిచి చూపించింది. సొట్టబుగ్గ ఆ మాట వైపు ఒక్కసారి చూసి, తలెత్తి వాళ్ళమ్మ మొహం చూసింది. కుర్చీ చూపించింది. మొహం చూసింది. పెట్టె చూపించింది. మొహం చూసింది. దీపం, గిన్నె, తలుపు, నేను. వాళ్ళమ్మ మొహం ఒక్కొక్కదానికీ ఇంకాస్త పాలిపోతుంటే పిల్ల కంగారుగా ఇంకా వేగంగా చూపిస్తోంది. గదిలో ఉన్నవన్నీ చూపించింది, ఆమెని తప్ప.

ఆమె కూతురిని దగ్గరకి లాక్కుని మొహం తన పొట్టకేసి దాచుకుంది. ఆ పిల్లకి ఇక కనపడకుండా ఏడ్చింది.

"మేము కుట్టు వంకరపోతే విప్పి మళ్ళీ కుడతాం మేడం" అంది చివరికి. "మీరు దాని మీదే ఇస్త్రీ పెట్టి ఇచ్చారు."

సీటు సంగతి నేనే మాట్లాడతాను, మీకు మాట రాకుండా చూస్తాను అన్నాను. "నాకు మాటొస్తే ఏమిటి?" అంది. తలుపు దాకా వచ్చాక వెనక నుంచి పిలిచింది.

"వచ్చే ఏడు మళ్ళీ వస్తారు కదా వాళ్ళు. నేర్పండి. ఇంకో బడి ఎక్కడుంది నాకు, మీరే నేర్పాలి. ఈసారి మీ మొహం ఇంట్లో పెట్టి రండి."

జూలై 25

పెద్ద బడి ఆవిడకి ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. "నేనూ మీ పక్కనే కూర్చున్నాను కదండీ, నేనూ చూడలేదు" అంది. తిట్టి ఉంటే బాగుండేది. సీటు వేరే బడి పిల్లకి వెళ్ళింది. పెద్ద మేడం నాతో మాట్లాడటం మానేసింది. టీచర్లు ఎవరూ చూడ్డానికి రావట్లేదు, హమ్మయ్య. హమ్మయ్య అని రాయడానికి కూడా సిగ్గుగా ఉంది.

ఆగస్టు 5

మొహం ఇంట్లో పెట్టి రావడం ఎలా? గది బయట నిలబడ్డాను.

ఇదే ఇప్పుడు పద్ధతి. ఒక్కొక్కరినీ లోపల ఉంచి, తలుపు పక్క గోడ చాటున నిలబడి, చెయ్యి మాత్రం చాపి కార్డు ఇస్తాను. కార్డు చెప్పినట్టు చేసేదాకా నేను లోపలికి రాను. తర్వాత వెళ్ళి చూస్తాను. మొదటిరోజు ఏడుగురికి ఏడుగురూ కార్డు పట్టుకుని బయటికి వచ్చి నా మొహం చూశారు. వరండా ఊడ్చే ఆమె, "ఏం టీచరమ్మా, పిల్లలు మిమ్మల్ని బయట నిలబెట్టారా?" అంది. అవునన్నాను.

ఆగస్టు 20

అన్నీ తప్పులే. సున్నా నుంచి మొదలైంది. నేను ఇన్నేళ్ళూ నేర్పిందంతా కలిపితే ఇంతే.

సెప్టెంబరు 3

పోయిన వారం పిలక వాళ్ళింటికి వెళ్ళాను. నన్ను చూడగానే నవ్వుతూ కనుబొమ్మ మీద వేలు తోసింది. వాళ్ళ నాన్నకి, తెలివి చాలనిది దానికి కాదు అని చెప్పాను. ఆయన నీళ్ళు కూడా ఇవ్వలేదు. సోమవారం పిలకని తెచ్చి గేటు దగ్గర దింపి, నావైపు చూడకుండా వెళ్ళిపోయాడు. ఇప్పుడు ఎనిమిది మంది.

సెప్టెంబరు 27

పొద్దున్నే కిటికీ గట్టు మీద నత్త పాకుతోంది. వాన వెలిసింది కదా. ఎవరూ చూడకముందే కార్డు మీద 'కిటికీ' అని, కింద 'నత్త' అని రాసి బొమ్మ వేసి సొట్టబుగ్గకి లోపలికి అందించాను. నాకైతే ఆశ లేదు.

గోడ చాటున నిలబడి ఉంటే అది పరుగెత్తుకొచ్చి నా కొంగు పట్టి లాగింది. కిటికీ దాకా లాక్కెళ్ళి నత్తని చూపించింది. కార్డు చూపించింది. నత్తని చూపించింది. నేను రాసిన కబురు నాకే తెచ్చి చెప్తోంది, నాకేమీ తెలియదన్నట్టు. నా మొహం వైపు చూడలేదు. నత్తనే చూస్తోంది.

బొమ్మ ఉంది కాబట్టి చదివిందేమోలే. కానీ 'కిటికీ'కి బొమ్మ లేదు.

నవంబరు 11

రా. పో. పెట్టు. తెరువు. మూయి. ఈ అయిదు కార్డులూ లోపల ఒక డబ్బాలో ఉంచాను, వాళ్ళు కూడా నాకు ఇవ్వొచ్చని. ఇంతవరకు ఎవరూ ఇవ్వలేదు. పిలక మాత్రం 'పెట్టె తెరువు' చదివి తెరిచింది. వాళ్ళ నాన్న గేటు దగ్గర ఈ రోజు ఆగి, వర్షం వచ్చేలా ఉంది మేడం అన్నాడు. వర్షం గురించే అయినా మాట్లాడాడు.

డిసెంబరు 8

అత్తతో పేకాట. గెలిచాను. "మొహం ఎక్కడ పారేసుకొచ్చావే? ఆడబుద్ధే పుట్టట్లేదు" అని ముక్కలు విసిరేసింది.

మార్చి 4

పెద్ద బడి ఆవిడ వచ్చే నెల వస్తానంది. నేను గదిలో ఉండనని చెప్పాను. సొట్టబుగ్గ వాళ్ళమ్మ ట్రంకుపెట్టె అమ్మలేదట, బియ్యం పోసి పెట్టిందట. రాసి ఏం లాభం, అప్పటికి దానికి చదవడం వస్తుందో రాదో.

మార్చి 12

రాయకపోతే నిద్ర పట్టదు.

ఈ రోజు ఎందుకో ఎప్పుడూ ఇవ్వని కార్డు ఒకటి రాశాను. 'తలుపు తెరువు' నేర్పాను, 'పెట్టె మూయి' నేర్పాను. 'తలుపు మూయి' ఎవరికీ నేర్పలేదు. రాసి, సొట్టబుగ్గకి చెయ్యి చాపి అందించి, గోడ చాటున నిలబడ్డాను. చాలాసేపు ఏమీ లేదు. పోనీలే, తొందరపడ్డాను అనుకుని ఒక అడుగు గుమ్మం వైపు వేశాను.

ధడేలుమని తలుపు పడింది. ముక్కు తప్పించుకుంది, అంతే. వరండా ఊడ్చే ఆమె చీపురు వదిలేసి పరుగెత్తుకొచ్చింది, ఎవరికి ఏమైందోనని. నాకేమీ కాలేదన్నాను. ఏడుస్తూ అన్నాను కాబట్టి ఆమె నమ్మలేదు.

అప్పుడు తలుపు కింద సందులోంచి ఒక కార్డు బయటికి వచ్చింది. డబ్బాలో ఉన్న అయిదింట్లో ఒకటి.

'పో.'

మొదటిసారి అది నాకొక మాట ఇచ్చింది. కోపంతో ఇచ్చిందో, వేళాకోళానికి ఇచ్చిందో తెలియదు. ఆ రోజు గోడకి నిలబెట్టినందుకేమో. బుగ్గ సొట్ట పడిందో లేదో చూడాలని ప్రాణం లాగింది. గడియ మీద చెయ్యి కూడా వేశాను. తీసేశాను. మొహం చూడకుండా మాటని మాటలాగే చదవమని ఇన్ని నెలలుగా దాని ప్రాణం తీస్తున్నది నేనే కదా.

కార్డు మళ్ళీ చదివాను. చెప్పినట్టే, వెళ్ళిపోయాను.